కొత్త గ్యాలరీకి గాలి అందేదాకా

ఆషాఢ శుద్ధ తదియ

ఓదెలూ, బాగున్నావా నాయనా. ఎండకు మెడ మీద కాలినచోట తోలు ఊడిందా, ఇంకా మంటగానే ఉందా? తడిగుడ్డ చుట్టుకోమంటే చుట్టుకోవు. మొగిలి కళ్ళు ఎలా ఉన్నాయి? నల్లద్దాలు లేకుండా తెల్లవారేదాకా కరెంటు పలకలు తుడవొద్దని నేను చెప్పానని చెప్పు. రాజమౌళి దగ్గు తగ్గిందా? పోయినసారి కబురులో ఆయన మాట ఒక్కటీ లేదు. ఏమైనా అయితే దాచావేమోనని రెండు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. మీకు వండిపెట్టే సుందరమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆ మనిషి కూలబడితే పైన మీరంతా పస్తే కదా.

ఇక్కడ నేల కింద, ఈ గనిబాయిలో అందరం బాగున్నాం. ముందు అలా రాయాలి కాబట్టి రాశాను. ఫ్యాను బెల్టు మొన్నటి నుంచి కీచుమంటోంది. ఆపరేటరుకు చెబితే "నీకు చెవులెక్కువైనయి ముసలమ్మా" అన్నాడు. ఆ ఫ్యాను ఆగితే మన నాలుగో గ్యాలరీ సొరంగమంతా ఒక్క పూటలో ఉడికిపోతుంది. అప్పుడు ఎవరి చెవులు ఎక్కువో తెలుస్తుంది.

నీలవేణికి ఏడో నెల నిండుతోంది. కాళ్ళు కొంచెం వాచాయి. నేను చూస్తుంటే దుప్పటి కప్పుకుంటుంది. ఈ కబురు నువ్వే రాయవే, నీ మొగుడికే కదా అంటే, "అమ్మమ్మా, నువ్వయితే అన్ని రాస్తవు, నాకు బాగున్న అని తప్ప ఏం రాయరాదు" అంటుంది. నాది రెండో తరగతి చదువు. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకో.

చంద్రుడు సన్నగా కొడవలిలా ఉన్నాడని నువ్వు పంపిన కబురు అందింది. దాన్ని బట్టే గోడ మీద తదియ పెట్టాను. మీరు పైనుంచి చెప్పకపోతే మాకు ఇక్కడ పున్నమి ఏదో, అమావాస్య ఏదో.

ఈ వారం గుండె బండి మన గ్యాలరీకి వస్తుందట. కడుపులో బిడ్డ గుండె చూస్తారు. బాగున్న గుండెను ఎందుకు కదిలించాలో నాకు అర్థం కాదు. వద్దంటే నీలవేణి వినదు.

కషాయం దించాలి. ఈ సారం మిషను ఒక్క చిటికెలో చిక్కబెడుతుంది, చూడకపోతే అడుగంటుతుంది. అప్పుడే అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మళ్ళీ రాస్తాను.

ఆషాఢ శుద్ధ సప్తమి

గుండె బండి వచ్చి వెళ్ళింది. ఏం జరిగిందో వరసగా రాస్తాను. మధ్యలో ఆపి పైకి చూడకు, కడదాకా చదువు.

పెద్దబాయి ఆసుపత్రి నుంచి టబ్బు బండిలో మిషను ఒక్కటే పట్టాల మీద వస్తుంది, మనిషి రాడు. డాక్టరమ్మ ఫర్హీన్ అక్కడే కూర్చుని తెర మీద చూస్తుంది, మాట్లాడుతుంది. పొట్ట మీద మైకు లాంటిదాన్ని ఆడించాల్సింది ఇంటి పెద్ద. ఈ బాయిల్లో పద్ధతి అదే కదా, పుట్టబోయే బిడ్డ మీద మొదటి చెయ్యి ఇంటిదే పడాలని. మన ఇంట్లో పెద్దను నేనే. నా చేతులు ఎలా వణుకుతాయో నీకు తెలుసు.

"అవ్వా, వదులుగా పట్టు. గరిటె తిప్పినట్టు తిప్పకు" అంది డాక్టరమ్మ.

"గరిటె తప్ప ఇంకోటి పట్టలే బిడ్డా నేను" అన్నాను.

గుమ్మం పరదా బయట నిలబడ్డ పక్కింటి గట్టవ్వ కిసుక్కున నవ్వింది. గ్యాలరీలో సగం మంది అక్కడే ఉన్నారు, లోపలికి మాత్రం రాలేదు.

ఈ మిషనుతో బిడ్డకు ఏమీ కాదు కదా అని అడిగాను. డాక్టరమ్మ విసుక్కోలేదు. "ఇది ఉత్త చప్పుడే అవ్వా. మన చెవికి వినబడనంత సన్నది. లోపలికి పోయి, గుండెకు తాకి, తిరిగి వస్తది. ఆ తిరిగి వచ్చిన దాంతోనే బొమ్మ గీస్తది మిషను" అంది. అప్పుడు నా ప్రాణం కొంచెం కుదుటపడింది. మీ తాత కర్రతో గ్యాలరీ కప్పు కొట్టి, మోగిన తీరును బట్టి పైరాయి గట్టిదో వదులైనదో చెప్పేవాడు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

తెర మీద బూడిదరంగు మసక. అందులో ఒక గుప్పెడు. అది మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. డాక్టరమ్మ ఏదో నొక్కితే లోపల ఎర్రగా, నీలంగా రంగులు పారాయి. ఇంకోటి నొక్కితే చప్పుడు వినబడింది. ఓదెలూ, ఆ చప్పుడు నీకు రాయడం నాకు చేతకాదు.

"గుర్రం ఉరికినట్టున్నది కదనే!" అని గట్టవ్వ బయటి నుంచే అరిచింది. "మనుమడే వదినె. నాయన లెక్కనే పైకి ఉరుకుతడు, కాలు నిలువదు."

"మనుమరాలయితే ఉరకదా?" అంది నీలవేణి పడుకునే.

అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. ఎడమకు అంది. కొంచెం పైకి అంది. అక్కడే ఆపు అంది. నా చెయ్యి తిమ్మిరెక్కింది. నాకు ఫ్యాను చప్పుడు ఒక్కటే వినబడింది.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. నడుంనొప్పికో తలనొప్పికో గోలీలు మింగిందా? లేదు. పసరు మందులు? లేదు. తిండి ఏమిటి? జొన్నరొట్టె, పప్పు, పుట్టగొడుగుల కూర అని చెప్పాను. చాయ్ ఎక్కువ తాగుతుందా? "చాయ్ ఏడ దొరుకుతది మేడం మాకు" అంది నీలవేణి.

"సరే. మిషను సంగతి వదిలెయ్. నేనే వస్త" అంది డాక్టరమ్మ.

పెద్దబాయి నుంచి ఇక్కడికి టబ్బులో రావడమంటే మాటలా. ఊరికే ఎవరూ రారు. గట్టవ్వ మళ్ళీ పరాచికం ఆడబోయి ఊరుకుంది. ఏమైంది బిడ్డా అని అడిగితే, "గుండె దగ్గర ఒక చిన్న దారి సన్నబడుతున్నట్టు అనిపిస్తున్నది. దగ్గర కూర్చుని చూస్తే గాని చెప్పలేను" అంది.

నీకు ఇది రాయాలా వద్దా అని రెండు పూటలు ఆలోచించాను. పలకల అంచున నిలబడి తుడిచేవాడివి, మనసు ఇక్కడుంటే కాలు జారుతుంది. రాయకపోతే రేపు నా మొహం చూడవు. అందుకే రాస్తున్నాను. నడుముకు తాడు కట్టుకునే పనిచెయ్యి.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

ఇవాళ తొలి ఏకాదశి. పేలపిండి చేశాను, బెల్లం కొంచెమే దొరికింది. డాక్టరమ్మ వచ్చింది.

చిన్న మనిషి. తెరలో పెద్దగా కనబడేది. టబ్బు కుదుపులకు నడుం పట్టేసి, దిగగానే గోడ పట్టుకుంది. ముందు ఏమైనా తిను బిడ్డా అంటే, ముందు పని అంది. ఈసారి మైకు నా చేతిలోనే ఉంచి, నా చేతి మీద తన చెయ్యి వేసి తిప్పింది. ఎంతసేపు చూసిందో. అయ్యాక మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరి పీల్చదు. ఊపిరితిత్తులకు ఇంకా పని లేదు. అందుకని గుండె కుడివైపు నుంచి వచ్చే నెత్తురు అటు పోకుండా, పక్కనుంచి ఒక చిన్న దారిలో దాటిపోతుంది. పుట్టి, మొదటి ఏడుపు ఏడ్చి, ఊపిరితిత్తులు తెరుచుకున్నాక ఆ దారి తనంతట తానే మూసుకుంటుంది. అందరికీ అంతే. మన బిడ్డకు మాత్రం ఇప్పుడే సన్నబడుతోంది. గుండె కుడివైపు బలవంతంగా నెట్టాల్సి వచ్చి కండ మందమవుతోంది. దారి పూర్తిగా మూసుకుంటే గుండె అలిసిపోతుంది.

నీకు గుర్తుందో లేదో, ఈ నాలుగో గ్యాలరీ తవ్వేటప్పుడు పాత గ్యాలరీ పక్కన ఒక గాలి తలుపు ఉండేది. తవ్వకం పూర్తయి ఇటు గాలి అందేదాకా ఫ్యాను గాలంతా ఆ తలుపులోంచే పోయేది. ఎవరో తొందరపడి ముందే ఇటుకలు పేర్చి మూశారు. గాలికి పోయే దారి లేక, ఆ ఒత్తిడికి ఫ్యాను వేడెక్కి కాలిన వాసన. మీ తాత గడ్డపారతో ఆ గోడను పడగొట్టాడు.

"కొత్త గ్యాలరీకి గాలి అందకముందే పాత తలుపు మూసినట్టా బిడ్డా?" అని అడిగాను.

డాక్టరమ్మ నన్ను చూసి, "అంతే అవ్వా. నేను రేపటి నుంచి అందరికీ గట్లనే చెప్త" అంది.

"మరి పడగొట్టేదెట్ల?"

"ఎందుకు మూసుకుంటున్నదో తెలిస్తే ఆపొచ్చు. తెల్వకపోతే చూసుకుంటూ ఉండాలె. ఇంకా సన్నబడితే నెల తక్కువగానే బిడ్డను బయటికి తియ్యాల్సి వస్తది. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు. అది కూడ కష్టమే."

నీలవేణి ఏడవలేదు. పేలపిండి గిన్నె డాక్టరమ్మ ముందుకు జరిపి, "తినుండ్రి మేడం, పొద్దటి నుంచి ఏం తినలే" అంది. నాకు ఆ పిల్లను చూసే ఏడుపొచ్చింది.

పిండి గొంతు పట్టింది డాక్టరమ్మకు. నేను గబగబా లేచి గ్లాసుతో కషాయం ఇచ్చాను. ఇంటికి వచ్చిన మనిషికి ఇంకేం ఇస్తాం. ఒక్క గుక్క తాగి మొహం ముడుచుకుంది. నాలుక పళ్ళకు రాసుకుంది. గ్లాసును దీపం దగ్గరికి పట్టి చూసింది. నల్లగా ఉంది, అడుగు కనబడలేదు.

"ఇదేంది అవ్వా?"

"కషాయం. బాయి దుమ్ముకు, దగ్గుకు. కరక్కాయ, ఉసిరిపొడి, దానిమ్మ తొక్క. మీ పెద్దబాయిల తాగరా?"

"మాకు గోలీలిస్తరు. రోజూ తాగుతరా ఇది?"

"తాగక? పిల్లలకు అరగ్లాసు, పెద్దలకు గ్లాసు."

"నీలవేణి?"

"దానికి రెండు. వట్టి మనిషి కాదు కదా."

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది. చాలా మెల్లగా అడిగింది. "నేను ఆనాడు అన్ని అడిగితిని. ఇది చెప్పలేదేం?"

"నువ్వు మందులడిగినవు, తిండి అడిగినవు. ఇది మందు గాదు, తిండి గాదు. నీళ్ళు తాగుతరా అని అడిగితే చెప్పేదాన్ని" అన్నాను. నిజంగానే ఓదెలూ, అది చెప్పాల్సిన సంగతి అని మాకు తోచలేదు. ఊపిరి పీలుస్తున్నావా అని ఎవరైనా అడిగితే తప్ప పీలుస్తున్నాం అని చెబుతామా?

ఇలాంటి వగరు సారాలు కడుపుతో ఉన్నవాళ్ళు చివరి నెలల్లో ఎక్కువగా తాగితే ఆ దారి సన్నబడొచ్చని ఆమె చెప్పింది. ఇదే కారణమని గట్టిగా చెప్పలేను, ఆపి చూద్దాం అంది. "నా చేతులతోనే ఎంతమంది కడుపుతో ఉన్నోళ్ళకు పోసిన. నా కోడలు తాగింది. నేను తాగిన. అందరం కన్నం కదా" అన్నాను.

"అప్పుడు ఎట్ల కాచేటోళ్ళు?"

కుండలో నీళ్ళు పోసి, చేతికి అందినన్ని వేసి, పలచగా. సారం మిషను వచ్చింది నిరుడే. నీళ్ళు ఆదా అవుతాయని ప్రతి గ్యాలరీకి ఒకటి ఇచ్చారు. అంతకుముందు కుండలో ఉండే సత్తువంతా ఇప్పుడు ఒక్క గ్లాసులోకి దిగుతుంది. చిక్కగా వస్తోందని నేనెంత సంబరపడ్డానో నీకు తెలుసు. రెండో గ్యాలరీ వాళ్ళది పలచగా ఉంటుందని ఎగతాళి చేశాను కూడా.

నీలవేణి తన గ్లాసు తీసుకువెళ్ళి కడిగి, గూట్లో బోర్లించింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆషాఢ బహుళ పాడ్యమి

చంద్రుడు నిన్న నిండాడని రాశావు. మంచిది. నీ కబురులో మిగతాదంతా బిడ్డ గురించే ఉంది. సెలవు అడిగితే ఇవ్వలేదని, నడిచైనా లిఫ్టు దగ్గరికి వస్తానని. అలాంటి పని చెయ్యకు. ఆ ఎండలో సగం దూరం కూడా రాలేవు. నీకు ఏమైనా అయితే ఈ పిల్లను పట్టుకోవడం నావల్ల కాదు.

కషాయం ఆపి ఐదు రోజులైంది. నీలవేణికి కాచిన నీళ్ళే ఇస్తున్నాను. అది పక్క మీద కదిలితే లేస్తున్నాను, కదలకపోతే కూడా లేస్తున్నాను. "అమ్మమ్మా, నువ్వు పండుకోకుంటే నాకు నిద్ర పడతలేదు" అని కసిరింది. బిడ్డ తంతోంది. తన్నినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టి, తిరిగి పని చూసుకుంటుంది.

గ్యాలరీలో చెప్పడం అంత సులువు కాలేదు. మన వరసలో కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. గట్టవ్వ కోడలు రజితకు ఎనిమిదో నెల. పొద్దున గ్లాసులతో వచ్చినప్పుడు రజిత గ్లాసు మాత్రం పక్కన పెట్టి, సంగతి చెప్పాను.

గట్టవ్వ అందరి ముందూ లేచింది. "మొన్నటిదాక తాగకుంటే దగ్గొచ్చి సస్తమంటివి. ఇయ్యాల తాగితే సస్తమంటున్నవు. ఏది నమ్మాలె? నా కోడలికి దగ్గు లేస్తే నువ్వొచ్చి దగ్గుతవా?"

"దగ్గొస్తే వీపు నిమురుతా వదినె. ఇంకోటయితే నా చేతిల ఏముంది?"

"నీ ఇంట్ల ఒక్క బిడ్డకు ఏదో అయితే ఊరంత మూతి కట్టుకోవాల్నా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. వాదించలేదు. వాదించడానికి నా దగ్గర ఏముంది? డాక్టరమ్మే ఖాయంగా చెప్పలేనంది. నేనైతే అందరికీ పోసే మనిషిని. నా గరిటెను నేనే నమ్మకపోతే వాళ్ళు ఎందుకు నమ్ముతారు? అయినా రజిత గ్లాసు నింపలేదు. గట్టవ్వ నా చేతిలోంచి గరిటె గుంజుకుని తనే నింపి తీసుకుపోయింది.

మిగిలినవాళ్ళకు మిషను వాడకుండా పాత కుండలోనే కాశాను. నీళ్ళు ఎక్కువ పడతాయి. అడిగితే నా వంతు నీళ్ళలో తగ్గించుకోమంటాను. పలచగా ఉందని సణిగారు.

నాకు ఒకటే బాధ నాయనా. దుమ్ముకు భయపడి, దగ్గుకు భయపడి, పోనీ ఇంకో అరగ్లాసు అని నేనే పోశాను. భయం లేని మనిషి ఒక గ్లాసుతో ఊరుకునేదేమో. భయపడటం మానెయ్యాలని పొద్దున్నుంచి అనుకుంటున్నాను. అది కుదురుతుందో లేదోనని భయంగా ఉంది.

ఆషాఢ బహుళ దశమి

గుండె బండి మళ్ళీ వచ్చింది. ఈసారి మిషను మాత్రమే. మైకు నేనే పట్టాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, చెయ్యి మరీ వణికింది. నీలవేణి నా మణికట్టు కింద తన పిడికిలి ఆనించి పెట్టింది.

అదే మసక, అదే గుప్పెడు. డాక్టరమ్మ ఎడమకు, పైకి, అక్కడే అంటూ వచ్చింది. నేను ఆమె మొహం చూస్తున్నాను. ఆమె మొహంలో ఏమీ తెలియదు, డాక్టర్లకు అది నేర్పిస్తారేమో. మధ్యలో కరెంటు తగ్గి తెర ఆరిపోబోయింది. మళ్ళీ వెలిగింది. పైన పలక మీద దుమ్ము పడిందేమో, నువ్వే తుడిచావేమో అనుకున్నాను. నువ్వు తుడిచే పలకల కరెంటుతోనే కదా నీ బిడ్డ గుండె నాకు కనబడుతోంది.

"అవ్వా" అంది డాక్టరమ్మ.

"చెప్పు బిడ్డా. ఏదైనా చెప్పు."

"దారి తెరుచుకుంటున్నది. పూర్తిగా కాదు. కానీ పోయినసారి కన్న చాలా నయం. కుడివైపు ఒత్తిడి తగ్గింది. ఇప్పుడే బయటికి తీసే పని లేదు."

నేను మైకు వదిలేశాను. అది నీలవేణి పొట్ట మీద నుంచి జారి మంచం కిందికి వేలాడింది. తెర మీద బొమ్మ పోయి మా మంచంకోడు కనబడుతున్నట్టు బూడిదరంగు చారలు. "అవ్వా, మైకు! బంగారం పెట్టినా దొరకదది!" అని డాక్టరమ్మ అరిచింది. నీలవేణి నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే ఏడ్చింది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి.

ఇంతలో పరదా పక్కకు జరిగింది. గట్టవ్వ. లోపలికి రాకూడదు కదా, గడప మీదే నిలబడి నన్ను చూడకుండా మిషనును చూస్తూ అంది. "ఆ బండి ఎట్లనో వచ్చింది. మా రజితది కూడ ఓపాలి చూడుమని చెప్పు. మైకు నేను పడతా. నీ లెక్క జారిడువను."

రజితకు కూడా కొంచెం సన్నబడుతోందట. మన బిడ్డకు ఉన్నంత లేదు. గట్టవ్వ మైకు నిజంగానే జారవిడవలేదు. బయటికి వచ్చాక నా పక్కన కూర్చుంది. "నాలుగు రోజుల నుంచి దొంగతనంగ సగమే పోస్తున్న వదినె. నీ మాట నమ్మలే. నమ్మకుంట కూడ ఉండలేకపోయిన" అంది. ఫ్యాను బెల్టు కీచుమంటోంది. "నిజంగనే అంటున్నది వదినె" అంది చెవి పెట్టి విని. సాయంత్రం ఇద్దరం కలిసి ఆపరేటరు దగ్గరికి పోయాం. ఇద్దరు ముసలమ్మలు వస్తే వాడు తట్టుకోలేకపోయాడు, కొత్త బెల్టు వేశాడు.

ఇక అసలు సంగతి. దారి ఇలాగే తెరుచుకుంటూ ఉంటే నెలలు నిండేదాకా ఆగవచ్చంది డాక్టరమ్మ. చివరిసారి తనే స్వయంగా వచ్చి చూస్తుందట. ఎప్పుడని అడిగితే, అవ్వా నువ్వే చెప్పు అంది. నేను గోడ వైపు చూశాను. నీ మూడు నెలల డ్యూటీ పూర్తయ్యేది, వెన్నెల్లో లిఫ్టు దింపేది ఆ రోజే కదా. ఆ రోజే రమ్మన్నాను. ఈసారి మైకు నువ్వు పట్టాలి. చేతులు కడుక్కో, పొడి గుడ్డతో తుడుచుకో, గరిటె తిప్పినట్టు తిప్పకు, నీలవేణి పిడికిలి ఆనిస్తుంది. చంద్రుడు ఎంత తరిగాడో, ఎంత పెరిగాడో మాత్రం రోజూ రాస్తూ ఉండు, లేకపోతే నేను లెక్క తప్పుతాను.

డాక్టరమ్మ వచ్చేది, నువ్వు దిగేది: శ్రావణ పున్నమి.